దవడ పన్నుకు పొట్టి స్క్రూ సరిపోతదా?

మన పళ్ళు, మన ఆరోగ్యం: నెల నెలా శీర్షిక



రెండు నెలల కింద ఒక ఆదివారం పొద్దున మా క్లినిక్ మెట్ల మీద ఒక పెద్దమ్మ కూర్చుని ఉంది. ఆదివారం బంద్ అని ఆమెకు తెలుసు. తెలిసే వచ్చింది. "కొడుకు లేనప్పుడు మాట్లాడుదామని వచ్చిన బిడ్డా" అంది. ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. మిల్లు మూతపడ్డాక భర్త సాంచెల మీదికి పోయాడు, ఇప్పుడు చాతకాక ఇంటి దగ్గరే ఉంటున్నాడు. కొడుకు టవెళ్ళ కార్ఖానాలో ఫిట్టర్.

కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది. వేరే ఒక క్లినిక్ వాళ్ళు రాసిచ్చిన లెక్క అది. కింది దవడలో కుడివైపు ఆమెకు చివరి రెండు పళ్ళు లేవు. ముందు ఎముక పెంచే ఆపరేషను, తర్వాత రెండు ఇంప్లాంట్లు, వాటి మీద రెండు పళ్ళు. మొత్తం లక్షా నలభై వేలు.

"పిల్ల పెండ్లికని దాచిన బంగారం కుదువ పెడతనంటున్నడు. నేను నమిలేది జొన్న రొట్టెనే కద బిడ్డా, దానికి బంగారం పెట్టాల్నా? వద్దంటే వాని మొఖం చిన్నబోతది. సరే అంటే నాకు రాత్రి నిద్ర పడ్తలేదు" అంది.

ఆమెను అడిగే ఈ సంగతి రాస్తున్నాను. పేరు వద్దంది, మిగతాది రాయమంది. ఎందుకంటే ఇట్లాంటి కాగితం మన చాళ్ళలో ఇంకా చాలామంది చేతికి వస్తున్నది. సోలాపూర్ నుంచీ భివండి నుంచీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో కూడా ఇదే ప్రశ్న: "ఎముక తక్కువ ఉందన్నారు, ఎముక పెంచకుండా పన్ను పెట్టరా?"

పెట్టే దారి ఒకటి ఉంది. దాన్ని పొట్టి ఇంప్లాంటు అంటారు. అయితే అది అందరికీ కుదరదు. ఎవరికి కుదురుతుందో, ఎవరికి కుదరదో ఈ నెల చెప్పుకుందాం.

ముందు, ఎముక ఎందుకు తగ్గుతుందో చూద్దాం. పన్ను ఉన్నంత కాలం నమిలే ఒత్తిడి వేరు నుంచి ఎముకకు అందుతుంటుంది. ఆ పనితోనే అక్కడి ఎముక గట్టిగా నిలుస్తుంది. పన్ను పీకేశాక ఎముకకు పని పోతుంది. పని లేని ఎముకను శరీరం మెల్లగా కరిగించుకుంటుంది. మొదటి ఏడాదిలోనే ఆ జాగాలో ఎముక వెడల్పు దాదాపు సగానికి పడిపోతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. తర్వాత కూడా తరుగుతుంది కానీ నెమ్మదిగా. మన పెద్దమ్మ పళ్ళు పోయి తొమ్మిదేళ్ళు. అప్పట్నించి ఎడమవైపే నములుతున్నది. రొట్టె పప్పులో నానబెట్టుకుని తింటున్నది. శేంగా చట్నీ ముట్టడమే మానేసింది.

దవడ వెనక భాగంలో ఇంకొక ఇబ్బంది ఉంది. పై దవడలో వెనక పళ్ళ వేర్ల పైన గాలి నిండిన ఒక గది ఉంటుంది, దాన్ని సైనస్ అంటారు. పై పళ్ళు పోతే ఆ గది కిందికి దిగుతుంది. కింద నుంచి ఎముక కరిగి, పై నుంచి గది దిగి, మధ్యలో మిగిలేది కొద్దిపాటి ఎముక. కింది దవడలో అయితే ఎముక లోపల ఒక గొట్టంలో నరం పోతుంటుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఆ నరం వల్లనే. ఇంప్లాంటు దానికి తగిలితే పెదవి మొద్దుబారిపోవచ్చు, ఒక్కోసారి ఎప్పటికీ. అందుకని నరానికి పైన కనీసం 2 మిల్లీమీటర్ల ఎముక వదిలి ఆపాలి.

ఇప్పుడు ఇంప్లాంటు సంగతి. అది ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. దాని మీద పన్ను తొడుగుతారు. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు 1952లో కుందేలు కాలి ఎముకలో టైటానియం ముక్క పెట్టి వేరే సంగతి పరిశీలిస్తున్నాడు. తీయబోతే అది ఊడి రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. ఆ పట్టు మీద ఏళ్ళ తరబడి పని చేసి 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో పెట్టాడు. ఇవ్వాళ్టి ఇంప్లాంట్లన్నిటికీ మూలం అదే.

మొదటి రోజుల్లో డాక్టర్లంతా ఎంత పొడుగుంటే అంత మంచిదనుకునేవారు. 10 మిల్లీమీటర్లు, 13, 15 కూడా పెట్టేవారు. అప్పుడు పొట్టివి పెడితే ఎక్కువగా ఊడేవి, ఎందుకంటే అప్పటి స్క్రూ పైభాగం నున్నగా ఉండేది. తర్వాత ఆ లోహాన్ని గరుకుగా చేయడం నేర్చుకున్నారు. సన్నని రేణువులు గట్టిగా కొట్టి, ఆసిడ్‌తో కడిగి, కంటికి కనబడనంత చిన్న గుంతలు చేస్తారు. ఎముక ఆ గుంతల్లోకి పెరిగి పట్టుకుంటుంది. ఇంకొకటి కూడా తెలిసింది. నమిలేటప్పుడు పడే బరువులో ఎక్కువ భాగం స్క్రూ పైభాగం దగ్గరి ఎముక మీదే పడుతుంది. అడుగుకు చేరేది తక్కువ. కాబట్టి పొడుగుతో పాటు లావు, పట్టు కూడా ముఖ్యమని తేలింది.

సాధారణంగా 8 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉన్నదాన్ని పొట్టి ఇంప్లాంటు అంటారు. ఎక్కువగా వాడేది 6 నుంచి 8 దాకా. 6 మిల్లీమీటర్లంటే ఒక బియ్యపు గింజ పొడుగు. అంత చిన్నది దవడ పన్ను బరువు మోస్తుందా అని అడుగుతారు. మోస్తుంది. 6 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని పొడుగు వాటితో పోల్చి, ఒకటి నుంచి ఐదేళ్ళ దాకా చూసిన లెక్కలున్నాయి. సగటున నూటికి 96 పొట్టివి నిలిచాయి, పొడుగువి 98 నిలిచాయి. తేడా ఉంది, కానీ చిన్నది. అయితే పొట్టివాటి లెక్క చోటును బట్టి ఎక్కువ మారింది. కొన్ని పరిశీలనల్లో నూటికి నూరు నిలిస్తే, ఒకచోట 87కు దిగింది. పొడుగువి ఎక్కడా 95కు తగ్గలేదు. అంటే పొట్టిదానికి మనిషిని చూసి ఎంచుకోవడం, చేసే చేయి, తర్వాతి జాగ్రత్త, ఈ మూడూ మరీ ముఖ్యం.

దాని లాభం ఏంటంటే, ఎముక పెంచే ఆపరేషను తప్పుతుంది. పై దవడలో సైనస్ పొరను పైకి లేపి ఎముక పొడి నింపితే, అది గట్టిపడటానికి నాలుగు నుంచి తొమ్మిది నెలలు పట్టొచ్చు. వాపు, నొప్పి, మందుల ఖర్చు, పనికి పోలేని రోజులు వేరే. పొట్టిదయితే ఒకటే ఆపరేషను, మత్తు సూది చిగురుకు ఇచ్చి చేసేది, ఆ రోజే ఇంటికి పోవచ్చు. కింది దవడలో రెండు మూడు నెలలు ఆగి పన్ను తొడుగుతారు. పై దవడ ఎముక మెత్తన, అక్కడ ఇంకొంత ఎక్కువ ఆగాలి.

ఇక పెద్దమ్మ దగ్గరికి వద్దాం. ఆమె తెచ్చిన కాగితం వెనక ఒక ఓపీజీ ఎక్స్‌రే ఉంది, దవడ మొత్తం కనబడే పొడుగు ఫిల్ము. అది మంచి పరీక్షే, కానీ అందులో ఎముక ఎత్తు మాత్రమే తెలుస్తుంది, వెడల్పు తెలియదు. ఎత్తు కూడా కొంచెం పెద్దదిగా పడుతుంది. అందుకని సీబీసీటీ అనే స్కాన్ తీయించాం. అందులో ఎముకను రొట్టె ముక్కలు కోసినట్టు అడ్డంగా చూడొచ్చు. నరం మీద 9 మిల్లీమీటర్ల ఎముక ఉంది. వెడల్పు 7 ఉంది. తొమ్మిదేళ్ళకు కూడా అంత వెడల్పు మిగలడం ఆమె అదృష్టం. నరానికి 2 వదిలితే 7 మిగిలింది. 6 మిల్లీమీటర్ల ఇంప్లాంటు బాగా పడుతుంది. ఎముక పెంచే అవసరం లేదు.

రెండో సంగతి, రెండు పళ్ళూ పెట్టాలా? చాలామందికి తెలియని మాట ఒకటి చెప్తాను. పోయిన పన్ను ప్రతిదీ తిరిగి పెట్టాలనే నియమం లేదు. 1980ల్లో నెదర్లాండ్స్‌లో కైజర్ అనే డాక్టరు, ముందు పళ్ళూ వాటి వెనక చిన్న దవడ పళ్ళూ పైనా కిందా జతగా బాగుంటే, చివరి పళ్ళు లేకున్నా చాలామంది ఇబ్బంది లేకుండా నమలగలరని చూపించాడు. నోట్లో కనీసం 20 సొంత పళ్ళు నిలుపుకోవడం లక్ష్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. పెద్దమ్మకు ఎడమవైపు అన్నీ ఉన్నాయి. కుడివైపు మొదటి పెద్ద దవడ పన్ను ఒక్కటి పెడితే రెండువైపులా నమలొచ్చు. చివరిది వదిలేయొచ్చు.

రెండువైపుల పళ్ళ ఆధారంతో కట్టే బ్రిడ్జి ఆమెకు కుదరదు, ఎందుకంటే వెనక ఆధారానికి పన్నే లేదు. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు కుదురుతాయి. ఖర్చు చాలా తక్కువ, ఆపరేషను లేదు. అయితే నమిలే బలం తక్కువ, రాత్రి తీసి కడిగి పెట్టాలి, కొందరికి చిగురు ఒరుస్తుంది. మూడు దారులూ చెప్పాను: ఒక పొట్టి ఇంప్లాంటు, కట్టుడు పళ్ళు, లేదా ఇప్పుడున్నట్టే ఉండటం. పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "ఒక్క పన్నయితే బంగారం జోలికి పోనక్కర లేదు కద? చీటీ పైసలు సరిపోతయి" అంది. సరిపోతాయన్నాను.

అప్పుడు అసలు కష్టమైన మాట చెప్పాల్సి వచ్చింది. "పెద్దమ్మా, మిశ్రీ బంద్ చెయ్యాలె."

పన్నెండేళ్ళ వయసు నుంచి పొద్దున, సాయంత్రం మిశ్రీ రుద్దుతున్నది. బీడీల తంబాకు పొడి రోజంతా ముక్కుకు, నోటికి తగిలేది వేరే. చిగుళ్ళు నల్లబడి, లోపల గార పేరుకుని ఉంది. తంబాకు ఏ రూపంలో ఉన్నా చిగురు జబ్బును పెంచుతుంది. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళలో ఇంప్లాంటు ఊడే ప్రమాదం తాగనివాళ్ళకన్నా దాదాపు రెట్టింపు. పొట్టిదాని విషయంలో ఇది ఇంకా గట్టి మాట. ఒక లెక్క చూడండి. చిగురు జబ్బు వచ్చి ఇంప్లాంటు చుట్టూ 2 మిల్లీమీటర్ల ఎముక పోయిందనుకోండి. 12 మిల్లీమీటర్లదయితే ఆరో వంతు పట్టు పోయినట్టు. 6 మిల్లీమీటర్లదయితే మూడో వంతు పోయినట్టు. పొట్టిదానికి పోగొట్టుకునేంత ఎముక మిగిలి ఉండదు.

"రెండు నెలలు మిశ్రీ ముట్టకుండా, చిగుళ్ళు శుభ్రం చేయించుకుని వస్తేనే పెడతాను. లేకపోతే నీ చీటీ పైసలు కూడా తీసుకోను" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కాగితం మడిచి కొంగున ముడేసుకుని పోయింది. రాదేమో అనుకున్నాను.

మంగళవారం మొదటి పాళీ విడిచాక కొడుకు వచ్చాడు. కోపంగానే వచ్చాడు. "డాక్టరమ్మా, మా అమ్మకు అగ్గువది పెట్టమని నేను అడిగిన్నా? పైసలు నేను తెస్తనంటున్న కద. పొట్టిది ఎందుకు? మంచిది పెట్టుండ్రి."

కూర్చోబెట్టి స్కాన్ చూపించాను. ఫిట్టరు కాబట్టి అతనికి అర్థమయ్యే మాటలో అడిగాను. "లూము కాళ్ళు నేలకు బిగిస్తరు కద తమ్మీ. కింద నీళ్ళ పైపు పోతుంటే ఏం చేస్తరు? పొడుగు బోల్టు కోసం పైపు పగలగొడతరా?"

"పొట్టి బోల్టు, లావుది తీసుకుంటం. కాంక్రీటు మంచిగ ఉండాలె" అన్నాడు.

"ఇది కూడా అంతే. కింద పోయేది నరం. నీ అమ్మ ఎముక మంచి కాంక్రీటు. లోహం అదే, కంపెనీ అదే, పొడుగే తేడా. అగ్గువ అని పెట్టడం లేదు, అవసరం లేని ఆపరేషను వద్దని ఇది చెప్తున్న. ఎముక నిజంగా చాలకపోతే నేనే పెంచాలని చెప్పేదాన్ని."

కాసేపు స్కాన్ వంకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. తొమ్మిదేళ్ళ కింద ఆ రెండు పళ్ళు నొప్పి చేసినప్పుడు, రూట్ కెనాల్ చేస్తే నిలుస్తాయని డాక్టరు చెప్పాడట. అదే నెలలో ఇతని ఐటీఐ ఫీజు కట్టాల్సి ఉంది. ఆమె ఫీజు కట్టి, పళ్ళు పీకించుకుంది. ఇతనికి ఆ సంగతి పెండ్లయిన తర్వాత నాయిన చెప్తే తెలిసింది. "అప్పట్నించి అమ్మ రొట్టె నానేసుకుని తింటుంటే నాకు ముద్ద దిగదు" అన్నాడు.

నేను అతనికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. అమ్మ రుణం ఎముక పొడితో తీరదు. ఆమెకు అవసరమైనంత చేయించు, మిగిలిన పైసలు ఆమె దాచుకున్న పనికే ఉండనీ. నువ్వు చేయగలిగిన పెద్ద సాయం ఇంట్లో మిశ్రీ డబ్బా లేకుండా చూడటం. నీ జేబులో గుట్కా పొట్లం కూడా తీసేయ్. పొట్లం మాట విని తల వంచుకున్నాడు.

ఇప్పుడు ఏడు వారాలయింది. పెద్దమ్మ మిశ్రీ ముట్టలేదు. మొదటి పది రోజులు తల నొప్పి, చిరాకు, కోడలి మీద కేకలు. నోరు ఊరుకోకపోతే సోంపు, లవంగం నమలమన్నాను. రెండుసార్లు చిగుళ్ళు శుభ్రం చేశాం, రక్తం కారడం ఆగింది. షుగరు పరీక్షలో మూడు నెలల సగటు కొంచెం ఎక్కువుంటే మందు మార్పించాం, తగ్గింది. ఇంకో వారం ఆగి ఇంప్లాంటు పెడతాం. కుదిరితే సంక్రాంతి నాటికి పన్ను తొడుగుతాం. ఇది తప్పకుండా నిలుస్తుందని ఆమెకు మాట ఇవ్వలేదు. నిలవడానికి కావలసినవన్నీ చేస్తున్నాం.

ఇక మీలో ఎవరికైనా డాక్టరు ఇంప్లాంటు చెప్తే, డబ్బు కట్టేముందు ఇవి అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

ఒకటి: నా ఎముక ఎత్తు ఎంత, వెడల్పు ఎంత? స్కాన్‌లో చూపించండి. నరానికి లేదా సైనస్‌కు ఎంత దూరం ఉంది?

రెండు: ఎముక పెంచాలంటే ఎందుకు? పొట్టి ఇంప్లాంటు నాకు ఎందుకు కుదరదు? నిజంగా కుదరని కారణాలుంటాయి: ఎముక మరీ తక్కువ ఉండటం, వెడల్పు చాలకపోవడం, పై దవడలో ఎముక మరీ మెత్తగా ఉండటం. డాక్టరు ఆ కారణం చూపిస్తే నమ్మండి.

మూడు: ఈ పన్ను పెట్టకపోతే ఏమవుతుంది? కట్టుడు పన్ను, బ్రిడ్జి కుదురుతాయా?

నాలుగు: స్కాన్, స్క్రూ, పైన పన్ను, తర్వాతి చెకప్పులు, అన్నీ కలిపి ఎంత? ఊడితే ఏం చేస్తారు? కాగితం మీద రాసివ్వండి. స్క్రూ కంపెనీ పేరు, సైజు ఉన్న కార్డు కూడా అడిగి దాచుకోండి. రేపు ఊరు మారినా ఇంకో డాక్టరుకు పనికొస్తుంది.

మీరు దాచకుండా చెప్పాల్సినవి కూడా ఉన్నాయి: షుగరు, బీడీ, గుట్కా, మిశ్రీ, రాత్రి నిద్రలో పళ్ళు కొరికే అలవాటు, రక్తం పలచబడే మందులు, ఎముకల బలానికి వేసుకునే సూదులు, మాత్రలు. ఎముకల మందుల్లో కొన్నిటి వల్ల దవడ గాయం మానకపోవచ్చు. ఇంప్లాంటు పెట్టిన మరుసటి రోజుకు కూడా పెదవి మొద్దుబారి ఉంటే ఆగకండి, ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

పైసలు కుదరనివాళ్ళు ప్రభుత్వ దంత కళాశాలల్లో అడగండి. ముంబైలో సీఎస్‌ఎంటీ దగ్గర ప్రభుత్వ దంత కళాశాల, ముంబై సెంట్రల్‌లో నాయర్ దంత కళాశాల ఉన్నాయి. నాగపూర్, ఔరంగాబాద్‌లో కూడా ఉన్నాయి. ఊరికి పోయినప్పుడు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. పళ్ళు శుభ్రం చేయడం, రూట్ కెనాల్, కట్టుడు పళ్ళు బయటికన్నా తక్కువలో అవుతాయి. ఇంప్లాంటు చేస్తారా, ఎంతవుతుందని అక్కడే అడగండి. రెండు మూడుసార్లు తిరగాల్సి వస్తుంది, సుట్టీ చూసుకుని పోండి.

చివరగా ఒక మాట. పన్ను నొప్పి చేసినప్పుడు "పీకెయ్యండి" అనే ముందు, నిలుపుకునే దారి ఉందా అని ఒక్కసారి అడగండి. పీకక తప్పకపోతే, ఆ రోజే తర్వాత ఏం చేయాలో మాట్లాడండి. మొదటి మూడు నెలల్లో పోయే ఎముక ఎక్కువని గుర్తుంచుకోండి. అమ్మలు పిల్లల ఫీజు ముందు తమ పన్నును వెనక్కి పెడతారు. ఇంట్లో ఎవరైనా ఒకవైపే నములుతున్నారేమో, రొట్టె నానబెట్టుకుని తింటున్నారేమో ఈ వారం అన్నం దగ్గర ఒకసారి చూడండి. వాళ్ళు అడగరు, మీరే అడగాలి.

వచ్చే నెల: కట్టుడు పళ్ళు ఎట్లా కడగాలి, రాత్రి ఎందుకు తీసి పెట్టాలి. ప్రశ్నలుంటే పత్రిక ఆఫీసుకు రాయండి. పేరు వేయవద్దంటే వేయం.